ఇసుక నేలలో కొబ్బరికి ఏ సేంద్రియ ఎరువు నిలబడింది: పదేళ్లకు పైగా వాడి చూశాక

ఇసుక నేలలో వేసిన ఎరువు రెండు పెద్ద వానలకే వేరుకు అందనంత కిందికి దిగిపోతుంది. అందుకే ఇలాంటి చోట ఏ సేంద్రియ పదార్థాన్నైనా ఎంత బలం ఇచ్చిందని కాకుండా ఎన్నాళ్లు నిలిచింది, ఎంత తడి పట్టి ఉంచింది అని చూడాలి. కొబ్బరి డొక్కలు, పొట్టు, పశువుల ఎరువు, పచ్చిరొట్ట, చెరువు మట్టి, బొగ్గు అన్నీ ఏళ్ల తరబడి వాడాక ఆ లెక్కతోనే ఈ మాటలు రాస్తున్నాం.

అన్నిటికన్నా ముందు డొక్కలే. చెట్టు మొదలుకు 2 మీటర్ల దూరంలో, 50 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతున గుండ్రంగా కాలువ తీయాలి. డొక్క లోపలి గుంట పైకి ఉండేలా దొప్పల్లా వరస పేర్చి, మీద ఇసుక పోసి, మళ్లీ వరస పేర్చుకుంటూ పైదాకా రావాలి. అలా పేర్చిన ప్రతి డొక్కా నీళ్లు పట్టే గిన్నె అవుతుంది. కాలువ విప్పి చూస్తే కొబ్బరి వేర్లు పీచులోకి చొచ్చుకుపోయి జడ అల్లినట్టు ఉంటాయి, చుట్టూ ఇసుక పొడిపొడిగా ఉన్నా డొక్కను పిండితే చెయ్యి తడుస్తుంది. ఒకసారి పూడ్చినవి ఐదు నుంచి ఏడేళ్లు పనిచేస్తాయి. డొక్కలో పొటాష్ కూడా బాగా ఉంటుంది, కానీ పీచు తీయడానికి నెలల తరబడి నీళ్లలో ఊరేసిన డొక్కల్లో అది కడుక్కుపోతుంది. అవి తడికే తప్ప బలానికి పనికిరావు.

ఇందులో దెబ్బతినే చోట్లు మూడు. మొదటిది, చుట్టూ కాలువ ఒకేసారి తవ్వడం. వేర్లన్నీ ఒక్కసారే తెగితే అడుగు మట్టలు వాలిపోయి పిందెలు రాలతాయి. సగం వలయం ఈ ఏడు, మిగతా సగం వచ్చే ఏడు తీయాలి. రెండోది, జానెడు లోతులో పూడ్చడం. పై ఇసుక ఎండకు కాలినప్పుడు డొక్కలూ ఎండిపోతాయి, చెదలు పడతాయి. మూడోది, ఎండు డొక్కల్ని వేసవిలో పొడిగానే పూడ్చేయడం. వాటిని తడపడానికే వారాలు పడుతుంది. వానలు మొదలయ్యాక గానీ, రెండు రోజులు నానబెట్టి గానీ వేయాలి. పాదు మీద పరిచేటప్పుడు మాత్రం పద్ధతి తిరగబడుతుంది, గుంట కిందికి, వీపు పైకి. లేకపోతే వాన నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి. కొత్త మొక్కలు నాటేటప్పుడు గుంత అడుగున రెండు వరసలు డొక్కలు పేర్చడం మరవొద్దు, తర్వాత అక్కడికి చెయ్యి పోదు.

డొక్క నుంచి పీచు తీయగా రాలే కొబ్బరి పొట్టు మీద మాకు రెండు అభిప్రాయాలున్నాయి. పచ్చి పొట్టును పాదులో కలిపితే నష్టమే. అందులో కర్బనం, నత్రజని నిష్పత్తి 100కు 1 దాటి ఉంటుంది, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలో ఉన్న కాస్త నత్రజనినీ లాగేసుకుంటాయి. కొత్త మట్టలు లేత పసుపుగా వస్తే కారణం ఇదేనేమో చూసుకోవాలి. మాగబెడితే సంగతి వేరు. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, కిలోన్నర ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగు విత్తనం తీసుకుని, ఒక పొరకు విత్తనం, మరో పొరకు యూరియా చల్లుతూ నీడలో కుప్ప పోయాలి. గుప్పిట పిండితే నీరు కారకుండా చెమ్మ తగిలేలా ఉంచితే నెలా నెలన్నరకు ఎర్ర పొట్టు నల్లబడుతుంది. తడి తగ్గిందా, ఎంతకాలమైనా ఎర్రగానే ఉంటుంది. ఉప్పు నీళ్లలో ఊరిన డొక్కల పొట్టయితే మంచినీళ్లతో కడగకుండా వాడొద్దు.

పచ్చి పొట్టును పాదు పైన నాలుగంగుళాల మందాన పరచడం వరకు బాగానే పనిచేసింది. ఒక్కటే చిక్కు, అది పూర్తిగా ఎండితే నీళ్లు చేమాకు మీద బొట్ల లాగా జారిపోతాయి, లోపల ఇసుక దాహంతోనే ఉంటుంది. డ్రిప్పు గొట్టాన్ని పొట్టు మీద కాకుండా కింద పెడితే ఈ బాధ తీరుతుంది. ఇసుకలో డ్రిప్పు నీరు పక్కకు పాకదు, సూదిలా కిందికి దిగుతుంది. చెట్టుకు ఒకటి రెండు డ్రిప్పర్లు చాలవు, మొదలుకు మీటరు దూరంలో చుట్టూ కనీసం ఆరు కావాలి.

పశువుల ఎరువు చెట్టుకు ఏటా 50 కిలోలు వేయాల్సిందే, కానీ ఇసుకలో అది ఏడాది తిరక్కుండానే కనపడకుండా పోతుంది. గాలి ఆడే వేడి నేలలో త్వరగా కాలిపోతుంది కాబట్టి 25 కిలోల చొప్పున రెండు విడతలు మేలు. మాగని పెంట మాత్రం పాదు దరికి రానివ్వొద్దు. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అందులోనే. కుప్ప తిరగేస్తే బొటనవేలంత తెల్లటి పురుగులు ముడుచుకుని కనిపిస్తాయి, ఆ తర్వాత మొవ్వులోంచి వచ్చే మట్టలు కత్తెరతో కోసినట్టు ఉంటాయి. రెండు నెలలకోసారి కుప్ప తిరగేసి పురుగులు ఏరడం, పురుగుల్ని చంపే మెటారైజియం శిలీంధ్రం కలపడం, రెండూ చేయాలి.

ఖర్చుకు తగ్గ ఫలితం చూస్తే పచ్చిరొట్టను మించింది లేదు. తొలకరికి పాదులో 100 గ్రాముల జనుము గానీ అలసంద గానీ చల్లి, పూత మొదలవగానే అక్కడే కలియదున్నాలి. కాయ కట్టేదాకా ఆగితే కాండం కట్టె బారుతుంది, కుళ్లడానికి నెలలు పడుతుంది.

చెరువు మట్టికి దక్కాల్సినంత పేరు దక్కలేదు. మిగతావన్నీ కుళ్లి పోయేవే, బంకమట్టి మాత్రం ఒకసారి కలిస్తే ఉండిపోతుంది. ఎండబెట్టి, పెళ్లలు చితగ్గొట్టి, పలుచగా కలపాలి. తట్టలకొద్దీ కుమ్మరిస్తే పైన పలకలా గట్టిపడి నీరు దిగదు. బొగ్గు పొడి పశువుల మూత్రంలో నానబెట్టి వేస్తే ఫర్వాలేదు. సున్నం ఎక్కువున్న గవ్వ ఇసుకలో బొగ్గు, బూడిద రెండూ వద్దు, ఇనుము అందక మొవ్వు మట్టలు తెల్లబడతాయి.

సేంద్రియంతోనే సరిపెట్టాలనుకునేవారు ఈ లెక్క చూడాలి. కాపు చెట్టుకు ఏటా 1200 గ్రాముల పొటాష్ (ఎరువు బరువు కాదు, పోషకం లెక్కన) సిఫార్సు. 50 కిలోల పశువుల ఎరువులో ఉండేది సుమారు 250 గ్రాములు. మిగతాది మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌గా, ఇసుకలో మూడు నాలుగు విడతలుగా ఇవ్వకపోతే ముదురు మట్టల చివర్లు నారింజ రంగుకు తిరిగి ఎండుతాయి. మొవ్వు ఆకులు కొసన కొక్కెంలా వంగితే బోరాన్ లోపం, చెట్టుకు 50 గ్రాముల బోరాక్స్ వేయాలి.

ఫలితం తొందరగా అడగొద్దు. కొబ్బరిలో పూగుత్తి మొలక, దాన్ని కప్పి ఉండే పొత్తు విచ్చుకోవడానికి సుమారు 32 నెలల ముందే పడుతుంది, ఆపైన కాయ ముదరడానికి మరో 12 నెలలు. గెలల లెక్క మూడో ఏడు దాటాకే తేలుతుంది. ఈలోపు చూడాల్సింది మట్టలు. బాగా విచ్చిన లేత మట్టకు రంగు గుర్తు పెట్టి ఆరు నెలల తర్వాత దాని పైన కొత్తవి లెక్కపెట్టండి. ఆరు వస్తే చెట్టు సరైన దారిలో ఉంది. నాలుగే వస్తే ముందు నీళ్ల సంగతి చూసి, తర్వాతే ఎరువు పెంచండి. డొక్కల కాలువను ఐదో ఏటి నుంచి ఏడాదికోసారి ఓ మూల జానెడు విప్పి చూడండి. డొక్క చేతిలో నల్లటి పొడిగా రాలిపోతుంటే, పాత కాలువకు అడుగు బయటగా కొత్త సగం వలయం తీయాల్సిన వేళయింది.