ఇజెన్‌లో మాకు అంటగట్టిన మాస్కులు

ఇండోనేషియాలోని జావా దీవిలో మెరాపి, బ్రోమో, ఇజెన్ అనే మూడు అగ్నిపర్వతాలు చూసి ఇంటికొచ్చి పది రోజులైంది. మా ఆవిడ దగ్గు నిన్నటికి తగ్గింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మొదటి వారంలోనే కూర్చుని ఉంటే తిట్లు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు.

వెళ్లింది నలుగురం: నేను, మా ఆవిడ, బావమరిది, మామగారు. మామగారు ముప్ఫై ఏళ్లు మా రాజమండ్రి అవతల గౌరీపట్నం నల్లరాయి క్వారీల్లో సూపర్‌వైజర్‌గా చేశారు. ఆ రాయి ఒకప్పుడు లావా అని ఎవరో చెప్పినప్పటి నుంచి, రాయి పుట్టేచోటు ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. కౌలాలంపూర్ మీదుగా యోగ్యకర్తలో దిగాం. దిగగానే వీసాకి తలకి 5 లక్షలు. కంగారు పడకండి, అవి రుపియాలు. మన రూపాయికి దాదాపు 190 వస్తాయి, అంటే 2,600 పైచిలుకు.

మొదట మెరాపి. జీపు నలుగురికీ కలిపి 4.5 లక్షల రుపియాలు, మన లెక్కలో 2,370. మొత్తం ప్రయాణంలో ఇంత న్యాయంగా ఖర్చయిన డబ్బు ఇంకోటి లేదు. 2010లో కాలిపోయిన ఒక ఇంటిని అలాగే మ్యూజియంగా ఉంచారు. గోడ మీద ప్లాస్టిక్ గడియారం కరిగి, ముళ్లు పన్నెండూ ఐదు దగ్గర ఆగిపోయి ఉంది. అది నవంబర్ 5 అర్ధరాత్రి. ఆ ఏడాది మెరాపి 350 మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పటిదాకా రీల్స్ తీస్తున్న మా బావమరిది ఫోన్ జేబులో పెట్టేశాడు.

వాళ్లను చంపింది పారే లావా కాదు. మామూలుగా లావా కంటే మనిషి నడకే వేగం, తప్పుకోవచ్చు. మెరాపి లావా చిక్కటిది, పారదు. శిఖరం మీద బొడిపెలా పేరుకుంటుంది. బరువెక్కి అది విరిగి పడితే బూడిద, రాళ్లు, వాయువులు కలిసి వందల డిగ్రీల వేడితో వాలు వెంట దొర్లుకుంటూ వస్తాయి. చూడ్డానికి బొచ్చు గొర్రెలా ఉంటుందట, అందుకే ఇక్కడివాళ్లు ‘వెదుస్ గెంబెల్’ అంటారు. కారులో పోయినా దాన్ని తప్పించుకోవడం కష్టం. 2006లో ఇద్దరు దాన్నుంచి తప్పించుకోవడానికే కట్టిన కాంక్రీటు బంకరులో దూరారు. అయినా బతకలేదు. ఆ బంకరులోకి ఇప్పుడు టూరిస్టులు దిగి ఫొటోలు దిగుతున్నారు. మా ఆవిడ గడప దాటనంది.

మామగారు ఒక రాయి తీసి, ఉమ్మి రాసి, ఎండకి పెట్టి చూశారు. “ఇది మన రాయి కాదురా. ఇది లేత రంగు, గరుగ్గా ఉంది. మనది నున్నగా, నల్లగా, ఇనుములా ఉంటుంది” అన్నారు. నిజమే. మా రాజమండ్రి రాయి ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ లావాలకి చుట్టం. సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) తక్కువ, పల్చటి లావా. హవాయిలో ఇప్పటికీ వచ్చేది ఆ జాతి లావాయే: పేలుడు తక్కువ, పారుడు ఎక్కువ, కొండ బోర్లించిన పళ్లెంలా పరుచుకుంటుంది. సిలికా పెరిగేకొద్దీ చిక్కదనం పెరిగి లోపలి వాయువు ఇరుక్కుంటుంది, కొండ నిటారుగా లేస్తుంది, కోపం కూడా అంతే. మామగారికి ఇది విప్పి చెప్పిన జీపు డ్రైవరుకి నేను 50 వేల రుపియాలు టిప్పు ఇచ్చాను. ఇంకా ఇవ్వాల్సింది.

తర్వాత రైల్లో సురబాయ నగరానికి వెళ్లాం. అక్కడి నుంచి బ్రోమో, ఇజెన్‌లకి ఒక ఏజెంట్‌తో ప్యాకేజీ: నలుగురికీ 76 లక్షల రుపియాలు, సుమారు 40 వేలు. బ్రోమో బాగుంది. టికెట్ మనిషికి 2,55,000. తెల్లవారుజామున చలికి పళ్లు టకటకలాడాయి. ఇసుక మైదానం మధ్యలో తెంగెర్ హిందువుల గుడి, పక్కనే పొగ కక్కే బిలం, వెనక 3,676 మీటర్ల సెమెరు మధ్యమధ్యలో బూడిద ఉమ్ముతూ. సెమెరు అంటే మన సుమేరువే అని తెలిశాక మామగారు దణ్ణం పెట్టారు. ఆ సుమేరువే 2021 డిసెంబరులో యాభై మందికి పైగా పొట్టన పెట్టుకుంది.

ఇక ఇజెన్. రాత్రి పన్నెండున్నరకి లేపారు. పైకెక్కాలంటే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. మంచి నియమమే. ఏజెంట్ పంపిన మనిషి తలకి 50 వేల రుపియాల చొప్పున తీసుకుని, దారిలో ఒక గదిలోకి వెళ్లి, నాలుగు కాగితాలతో తిరిగొచ్చాడు. అందరికీ బీపీ 120/80. పదిహేనేళ్లుగా మాత్రలు మింగుతున్న మామగారికి కూడా. ఆయన అప్పుడు వ్యాన్‌లో గురక పెడుతున్నారు.

కింద గేటు దగ్గర రెండో దెబ్బ. ప్యాకేజీలో ఉన్నాయన్న గ్యాస్ మాస్కులకి మళ్లీ 50 వేలు అడిగాడు. వాట్సాప్‌లో వాడు పెట్టిన మెసేజ్ వాడికే చూపించాను. నవ్వి “నో ప్రాబ్లమ్” అన్నాడు, డబ్బులు మాత్రం తీసుకున్నాడు. మామగారు ఎక్కనన్నారు. ఆయన్ని తోపుడు బండిలో కూర్చోబెట్టి లాక్కెళ్తామని ముగ్గురు వెంటపడ్డారు. “ఇంకో మనిషి చేత లాగించుకుని కొండెక్కడమా!” అని టీ కొట్టు దగ్గరే కూర్చున్నారు.

మూడు కిలోమీటర్ల ఎక్కుడు, ఆపైన చీకట్లో రాళ్ల మీదుగా బిలంలోకి దిగుడు. నీలి మంట కనిపించింది. అది లావా కాదు. రాళ్ల సందుల్లోంచి వచ్చే గంధకపు వాయువు గాలి తగిలి అంటుకుంటుంది. గ్యాస్ పొయ్యి మంట కొండకి పూసినట్టు ఉంది. అబ్బ అనుకుని నిలబడ్డ రెండు నిమిషాలకి గాలి తిరిగింది.

పసుపు పొగ మా మీదికి వచ్చింది. మాస్కు గట్టిగా నొక్కి పెట్టుకున్నా గొంతులో నిప్పు పోసినట్టయింది. ఆ వాయువు తడి తగిలితే ఆమ్లం అవుతుంది, ఆ తడి మన కళ్లలో, గొంతులో ఉంటుంది కదా. మా ఆవిడ దగ్గుతూ కూలబడింది. బావమరిది తన మాస్కు పీకి ఆమెకి పెట్టబోయాడు. దాని సంగతీ అంతే. అప్పుడు గంధకం మోసే ఒకాయన భుజాన కావడి దించి, తన మెడలో తడిగుడ్డ తీసి మా ఆవిడ ముక్కుకి అడ్డం పెట్టి, చెయ్యి పట్టి పక్కగా పైకి నడిపించాడు. ఆ కావడిలో 70 కిలోలకి పైనే ఉంటుందట. ఆయన మొహానికి మాస్కే లేదు. డబ్బివ్వబోతే తీసుకోలేదు. గంధకంతో పోతపోసిన తాబేలు బొమ్మ అమ్మాడు, 20 వేలు. దాన్ని మా ఆవిడ టీవీ పక్కన పెట్టింది.

తెల్లారాక మాస్కు తిప్పి చూశాను. ఫిల్టర్ డబ్బా మీద పసుపు పొర గట్టకట్టింది, రబ్బరు అంచు చీలి ఉంది. ఎన్ని వందలమంది మొహాలకి తగిలిందో. ఏజెంట్‌కి ఫొటో పంపిస్తే దణ్ణం గుర్తు ఒకటి వచ్చింది. అంతే.

కాబట్టి ఇజెన్ వెళ్లేవాళ్లు ఆమ్ల వాయువులకి పనికొచ్చే, సీలు తీయని ఫిల్టర్లు ఇక్కడే కొనుక్కుని వెళ్లండి. మామూలు గుడ్డ మాస్కు, ఎన్95 ఈ వాయువుని ఆపవు. ఆస్తమా ఉన్నవాళ్లు అంచు మీద నుంచే చూడండి. కింద కనిపించే పచ్చలాంటి సరస్సులో ఉన్నది కూడా ఆమ్లమే, అది పైనుంచే అందం. 2018 మార్చిలో ఈ బిలం నుంచి విషవాయువు ఎగదన్ని కింది ఊళ్లవాళ్లు పాతికమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. మంటా లేదు, లావా లేదు.

కిందికొచ్చేసరికి మామగారు టీ కొట్టావిడతో స్నేహం కట్టేశారు. చిన్న రాతి రోట్లో పచ్చిమిర్చి, టమాటా, ఉప్పు నూరి, వేయించిన టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముద్ద), వేడన్నంతో పెట్టింది. నలుగురికీ లక్ష రుపియాలు, 530 రూపాయలు. రోటి పచ్చడి తిన్నట్టే ఉంది. మా ఆవిడ గొంతు మంటలోనూ రెండోసారి వడ్డించుకుంది. ఆ రోలు మెరాపి రాయిదట. అలాంటిదే కావాలని మామగారు పట్టుబట్టి బజారులో కొన్నారు, లక్షా 20 వేలు, నాలుగున్నర కిలోలు. ఎయిర్‌పోర్ట్‌లో ఎక్స్‌ట్రా లగేజీకి 2,900 రూపాయలు కట్టాం. మొన్న దాంట్లో మొదటిసారి గోంగూర నూరితే పంటి కింద ఇసుక కరకరలాడింది. “రెండుసార్లు బియ్యం నూరి పారబోస్తే సరి” అంటూ మామగారు మెరాపిని కడుగుతున్నారు.