బైక్‌కి ఇంకో జత స్పీకర్లా? ముందు ఓమ్‌లు అడగండి

నా అవెంజర్‌కి హ్యాండిల్ మీదున్న రెండు స్పీకర్లు చాలక, లెగ్ గార్డుకి ఇంకో జత కట్టించి రెండు వానాకాలాలు దాటాయి. ఎన్ని అంగుళాలు, ఎన్ని వాట్లు అన్నది డబ్బా మీద పెద్దక్షరాల్లోనే ఉంటుంది, అది వదిలేద్దాం. నా కోపమంతా మూలన చిన్నగా రాసుండే ఓమ్‌ల గురించే, అంటే స్పీకర్ కరెంటుకి ఎంత అడ్డు పడుతుందో చెప్పే అంకె. బరంపురంలో నేను తిరిగిన ఏ షాపులోనూ ఆ మాటే ఎత్తలేదు.

బిగించినవాళ్లు కొత్త జత వైర్లను పాత జత వైర్లకే కలిపేశారు. ఆన్ చేయగానే మోత అదిరిపోయింది. పెట్టిన డబ్బుకి న్యాయం జరిగిందని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం దిగపహండి దాటి తప్తపాణి ఘాట్ ఎక్కుతుంటే పాట ఠక్కున ఆగిపోయింది. బ్లూటూత్ కనెక్ట్ అయ్యే ఉంది, ఫ్యూజ్ పోలేదు. వేడినీటి గుండం దగ్గర బండి నీడలో పెట్టి, టీ తాగి వచ్చేసరికి మళ్లీ పాడింది. చంద్రగిరి చేరకముందే మళ్లీ మూగబోయింది. సీటు తీసి ఆంప్ (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్) మీద వేలు పెడితే చురుక్కుమంది. షాపుకి తీసుకెళ్తే, ఆంప్ పోయింది, ఇంకా పెద్దది కొనమన్నారు.

కొనలేదు. జాతరలకి మైకుసెట్లు కట్టే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన వైర్లు విప్పి మీటరు పెడితే స్పీకర్ ఒక్కోటి 3.6 చూపించింది. నాలుగు ఓమ్‌ల స్పీకర్‌కి మీటరు మీద కాస్త తక్కువ రావడం మామూలే. పాతదీ కొత్తదీ కలిసున్నచోట పెడితే 1.8! "బాబూ, ఈ మిషను అడుగున నాలుగుకి తగ్గకూడదని రాసుంది. ఆళ్లు రెండు మీద నడిపిస్తన్నారు. కాలిపోకుండా అదే ఆగిపోతంది" అన్నారు. ఇలా రెండింటి వైర్లూ ఒకేచోట (ప్యారలల్‌లో) కలిపితే ఓమ్‌లు సగమవుతాయి, ఆంప్ మీద కరెంటు లోడు పెరుగుతుంది. మొదటిరోజు నేను మురిసిపోయిన మోత అదే.

ఆయన పది నిమిషాల్లో సిరీస్‌లోకి, అంటే ఒకదాని వెనక ఒకటిగా ఓమ్‌లు కూడేలా, మార్చారు. మోత తగ్గింది, కానీ అదే ఘాట్‌లో అదే ఎండకి ఆంప్ గోరువెచ్చగానే ఉంది. తర్వాత నాలుగు ఛానళ్ల (విడివిడిగా సౌండు పంపే దారుల) ఆంప్ పెట్టించి ఒక్కో స్పీకర్‌కి ఒక్కో ఛానల్ ఇచ్చాక అసలు సుఖం తెలిసింది. తబలా ఎడమ చెయ్యి దెబ్బ విడిగా వినిపిస్తుంది. మోత కావాలంటే వాట్ల కన్నా సెన్సిటివిటీ, అంటే అదే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో డెసిబెల్స్ (డీబీ)లో చెప్పే అంకె, చూడటం మేలు. 88 డీబీ స్పీకర్‌కి బదులు 91 డీబీది పెడితే, వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం అదే ఆంప్‌తో వస్తుంది. బండి బ్యాటరీ మీద అదనంగా భారం పడదు.

కింది జతను ఇదివరకు అందరి దగ్గరా తెగ పొగిడాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. ముందు చక్రం చిమ్మే బురదంతా వాటి జాలీలోకే వెళుతుంది. మొదట పెట్టిన కాగితం కోన్ (స్పీకర్‌లో అదిరే గరాటులాంటి భాగం) ఉన్నవి తొలి వానలకే ఉబ్బి గరగరలాడాయి. ప్లాస్టిక్ కోన్, రబ్బరు అంచు ఉన్నవి పెట్టాక ఆ బాధ లేదు. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి టెర్మినళ్లు మాత్రం పచ్చబారుతున్నాయి, అప్పుడప్పుడు విప్పి గీకి గ్రీజు రాయాల్సిందే.

నేను ఒక్కణ్నే, పని మీద మోహన వైపు ఘాట్ రోడ్లలో నలభై, యాభై మీద పోయేవాణ్ని. ఊరు రాగానే సౌండు తగ్గిస్తాను. నాకు ఈ నాలుగూ సరిపోయాయి. ఇచ్ఛాపురం వైపు హైవే ఎక్కి ఎనభై దాటితే, ఫుల్ హెల్మెట్‌లో గాలి హోరే తప్ప ఈ రెండో జత ఉన్నా లేకపోయినా నాకు తేడా తెలియలేదు. రోజూ ఆ రోడ్డు మీదే తిరిగేవాళ్లయితే, కొనేముందు నాలాంటి బండి మీద ఒకసారి ఆ స్పీడులో విని చూడండి.