అల్లూరి నడిచిన మన్యం: నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట దాకా రెండు రోజులు

అల్లూరి సీతారామరాజు జాడలు చూడాలనుకునేవాళ్లు చాలామంది లంబసింగిలో గుడారం తీసుకుని, పొద్దున మంచు చూసి, తిరుగు దారిలో కృష్ణదేవిపేటలో పది నిమిషాలు ఆగి వచ్చేస్తారు. అలా వెళితే 1922 ఆగస్టులో జరిగిందేమిటో తలకెక్కదు. బ్రిటిష్ వాళ్ల మీద ఆయన నడిపిన మన్యం తిరుగుబాటు మొదలు నుంచి ముగింపు దాకా ఎలా సాగిందో ఇంచుమించు ఆ వరసలోనే తిరగాలి. ముందు చింతపల్లి, తర్వాత రాజవొమ్మంగి, ఆపైన మంప, కొయ్యూరు, చివరికి కృష్ణదేవిపేట. రెండు పగళ్లు సరిపోతాయి. రెండు రాత్రులూ నర్సీపట్నంలోనే పడుకోవడం మేలు.

నర్సీపట్నం చేరడంలోనే చాలామంది పొరబడతారు. రైల్వే పటంలో 'నర్సీపట్నం రోడ్' అని స్టేషన్ కనిపిస్తుంది. పేరు చూసి టికెట్ తీసుకోవద్దు. ఊరు అక్కడికి చాలా దూరం, పైగా ఆగే రైళ్లు తక్కువ. ఎక్స్‌ప్రెస్‌లు ఆగే తుని స్టేషన్‌లో దిగి బస్సెక్కడం సులువు. విశాఖ నుంచి అయితే అనకాపల్లి మీదుగా ఆర్టీసీ బస్సులున్నాయి, దాదాపు 90 కిలోమీటర్లు. లాడ్జీలు మామూలువే, హంగులుండవు. కానీ మందుల షాపులు, ఏటీఎంలు, పెట్రోలు బంకులు, రాత్రి పూట భోజనం అన్నీ దొరుకుతాయి. కొండెక్కాక వీటిలో ఏది దొరుకుతుందో చెప్పలేం. నగదు తీసుకోవడం, ట్యాంకు నింపుకోవడం ఇక్కడే అయిపోవాలి.

బయల్దేరే ముందు ఊళ్లోనే స్కాట్ కవర్డ్, హైటర్ సమాధులు చూడండి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో చనిపోయిన బ్రిటిష్ అధికారులు వీళ్లు. ముందు నడుస్తున్న భారతీయ కానిస్టేబుళ్లను పోనిచ్చి, వెనక వస్తున్న దొరలనే గురిచూశారు రాజు మనుషులు. ఎవరితో యుద్ధమో, ఎవరితో కాదో మన్యం వీరులకు ఎంత స్పష్టంగా తెలుసో ఈ ఒక్క సంఘటన చెబుతుంది. ఘాట్ దాకా వెళ్లాలనుకుంటే మాత్రం ఆ దారులు తెలిసిన స్థానిక జీపు డ్రైవరు ఉండాలి. వానాకాలంలో ఆ ఆలోచనే వద్దు.

మొదటి రోజు లంబసింగి మీదుగా చింతపల్లికి, దాదాపు 50 కిలోమీటర్లు. అందరూ మంచు కోసం ఎక్కే ఈ రోడ్డుకే తిరుగుబాటుతో నేరుగా సంబంధం ఉందని తెలిసినవాళ్లు తక్కువ. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా, కొట్టి రోడ్డు పనులు చేయించాడు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీద, అడవిలో పశువుల మేత మీద అప్పటికే ఆంక్షలు పెట్టింది. కొండ ఊళ్లలో శిస్తు వసూలు చేసే స్థానిక పెద్దలైన ముఠాదారుల హక్కులూ కోతపడ్డాయి. వీటన్నిటి మీదా వెట్టి వచ్చిపడేసరికి బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర, మల్లుదొర సోదరులు రాజు వెంట నిలిచారు. అందుకే ఘాట్‌లో ఒకచోట బండి ఆపి, దిగి, నాలుగడుగులు నడవండి. ఈ యాత్రలో మొదటి స్మారకం ఆ రోడ్డే. ఏ బోర్డూ దాన్ని చెప్పదు.

లంబసింగిలో బస గురించి ఒక మాట. డిసెంబరు, జనవరి శని, ఆదివారాల్లో గదుల అద్దెలు బాగా పెరుగుతాయి, తెల్లవారుజామున ఘాట్‌లో వాహనాలు బారులు తీరతాయి. గుడారాల్లో దుప్పట్లు చాలవు, మరుగుదొడ్లు ఉమ్మడివి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే టూరిజం శాఖ గదులకు ముందే ఆన్‌లైన్‌లో ప్రయత్నించండి, దొరక్కపోతే నర్సీపట్నమే గతి. చరిత్ర కోసం వచ్చినవాళ్లకు నవంబరు చివర, ఫిబ్రవరి మొదట్లో పనిదినాలు అన్నిటికన్నా అనువైనవి. దగ్గర్లోని తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం తలపెట్టారు. సందర్శకులను రానిస్తున్నారో లేదో ముందే కనుక్కుని వెళ్లండి.

చింతపల్లి ఠాణా మీద దాడి 1922 ఆగస్టు 22న. మరునాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాల నుంచి 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు చేతికొచ్చాయి. తీసుకెళ్లిన ఆయుధాల లెక్క రాసి, సంతకం చేసి మరీ పెట్టిపోయాడు రాజు. కారులో ఘాట్ దిగి నర్సీపట్నం చేరి మళ్లీ కృష్ణదేవిపేట వైపు తిరిగేసరికే పూట గడిచిపోతుంది. వాళ్లు అదంతా అడవి దారుల్లో కాలినడకన చేశారు. ఆ వేగం పటం మీద అర్థం కాదు, ఇక్కడ తిరిగితేనే అర్థమవుతుంది.

ఠాణాలకు వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త. పోలీసుల ఆవరణలో అడగకుండా ఫోటోలు తీయవద్దు. లోపల డ్యూటీలో ఉన్నవాళ్లకు వచ్చిన పని చెప్పి, అనుమతి తీసుకున్నాకే ఫోను బయటికి తీయండి. ఈ మార్గంలో గంజాయి తనిఖీలు తరచుగా ఉంటాయి, ముఖ్యంగా కొండ దిగే బండ్లకు. ఆధార్, బండి కాగితాలు చేతికందేలా ఉంచుకోండి. ముక్కూ మొహం తెలియనివాళ్ల సంచులు ఎక్కించుకోవద్దు.

రెండో రోజు తెల్లారగానే బయల్దేరి ముందు దూరంగా ఉన్న రాజవొమ్మంగి వెళ్లిపోండి. బందీగా ఉన్న గిరిజన నాయకుడు మొట్టడం వీరయ్యదొరను విడిపించింది ఇక్కడి ఠాణా నుంచే. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు కలిపే 516ఇ జాతీయ రహదారి ఈ దారే. రోడ్డు పనులు జరిగే చోట్ల వానకు చరియలు విరిగిపడతాయి కాబట్టి జూలై నుంచి అక్టోబరు దాకా వాతావరణ హెచ్చరిక చూడకుండా కదలొద్దు. సిగ్నల్ మధ్యమధ్యలో పోతుంది. మ్యాపు ముందే దించుకోండి.

తిరుగు దారిలో మంప, రాజేంద్రపాలెం. మంప దగ్గర రాజును పట్టుకున్నారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర బ్రిటిష్ అధికారి మేజర్ గుడాల్ విచారణ లేకుండా కాల్పించాడు. రాజేంద్రపాలెంలో స్మారకం ఉంది. చిన్నదే. భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం చూసి వచ్చినవాళ్లకు ఇదేనా అనిపించవచ్చు. అయినా రెండింటిలో ఒక్కటే చూసే వీలుంటే ఇదే చూడాలి. చెట్టూ చేమా, గట్టూ పుట్టా మధ్య ఇరవై ఏడేళ్లు కూడా నిండని మనిషి ఎక్కడ నేలకొరిగాడో ఇక్కడే తెలుస్తుంది. మంచినీళ్లు, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి. మధ్యాహ్నం రెండు దాటితే దారిలో హోటళ్లలో అన్నం అయిపోతుంది.

చివరిది కృష్ణదేవిపేట, గొలుగొండ మండలం. స్థానికంగా కె.డి.పేట అంటేనే బస్సువాళ్లకూ ఆటోవాళ్లకూ తొందరగా తెలుస్తుంది. రాజుకు దహనం జరిగింది ఇక్కడే. ఆయన సమాధితో పాటు గాం సోదరుల సమాధులూ ఉన్నాయి. రాజు పోయాక గంటందొర కూడా కాల్పుల్లో చనిపోయాడు. మల్లుదొర అండమాన్ జైలుకు వెళ్లివచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. రాజు పేరు చదివి వెనుదిరగకుండా ఈ ఇద్దరి దగ్గరా కాసేపు నిలబడండి. రాజు వర్ధంతి మే 7, జయంతి జూలై 4 తేదీల్లో అధికారుల కార్యక్రమాలు, జనం, మైకులు ఉంటాయి. ప్రశాంతంగా చూడాలంటే ఆ రెండు రోజులూ తప్పించండి. సొంత బండి లేకపోతే సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికో దిగిన వెంటనే అడిగి పెట్టుకోండి. చీకటి పడ్డాక ఇక్కడి నుంచి నర్సీపట్నానికి ఆటో దొరకడం కష్టం.