పాత ఆఫీసు డబ్బాకు గేమింగ్ యోగం ఉందా? ఎస్పీ రోడ్డు అప్‌గ్రేడ్ రివ్యూ

బెంగళూరు కంపెనీలు వదిలించుకున్న ఆఫీసు డెస్క్‌టాప్‌లు కంప్యూటర్ సామాన్ల బజారైన ఎస్పీ రోడ్డుకు చేరి, అక్కడి నుంచి మడివాళ, మారతహళ్లి పీజీల్లో మనవాళ్ల బల్లల మీదికి వస్తుంటాయి. వాటిలో తరచూ కనిపించేవి డెల్ ఆప్టిప్లెక్స్ 9020, 3020 లాంటి నాలుగో తరం ఇంటెల్ పెట్టెలు. లోపల 2013 నాటి ఐ5-4570 ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, ఒక హార్డ్ డిస్క్. "దీంట్లో ఒక గ్రాఫిక్స్ కార్డు పెట్టేస్తే గేమింగ్ పీసీ రెడీ అన్నా" అని కౌంటర్‌లో వినిపించే మాట సగం నిజం. మిగతా సగం ఇంటికి తీసుకెళ్లాక తెలుస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. రేపు కొత్త మెషీన్‌లోకి ఊడదీసి బిగించుకోగలిగిన వస్తువుకే డబ్బు పెట్టండి. ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా నడిచే స్టోరేజీ), మంచి ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే యూనిట్), గ్రాఫిక్స్ కార్డు కొనొచ్చు. కొత్త డీడీఆర్3 ర్యామ్, వాడేసిన ఐ7 ప్రాసెసర్, కొత్త పెట్టెలో పెట్టి అమ్మే హెచ్81 బోర్డు (నాలుగో తరం నాటి మదర్‌బోర్డు) వద్దు. వాటి మీద పెట్టిన ప్రతి రూపాయీ ఆ పెట్టెతోనే పోతుంది.

కొనడానికి ముందు గేమ్ వేగానికి అడ్డం ఎక్కడుందో తేల్చుకోవాలి. కార్డే లేకుండా ప్రాసెసర్‌లోని హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్‌తో ఆడుతుంటే పరీక్ష అక్కర్లేదు, అడ్డం అదే. 750 టీఐ లాంటి పాత కార్డు ఇప్పటికే ఉంటే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసి జీపీయూ (కార్డులోని గ్రాఫిక్స్ చిప్) వాడకం, ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ వాడకం, ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయం) మూడూ స్క్రీన్ మీద కనిపించేలా పెట్టండి. గేమ్‌లో జనం, బండ్లు ఎక్కువున్న చోట పది నిమిషాలు తిరగండి. జీపీయూ 97-99 శాతంలో నిలబడితే కార్డు చాలట్లేదని అర్థం. జీపీయూ 60 దగ్గర ఊగుతూ నాలుగు కోర్లూ 100 కొడుతుంటే ప్రాసెసర్ చేతులెత్తేసిందని అర్థం. అనుమానం ఉంటే రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించి చూడండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) అక్కడే ఉండిపోతే ఎంత ఖరీదైన కార్డు పెట్టినా అక్కడే ఉంటుంది.

ఐ5-4570లో నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనులు). కొత్త గేముల్లో సగటు ఎఫ్‌పీఎస్ 70 చూపించినా మలుపు తిరిగినప్పుడల్లా ఎక్కిళ్లు పెడుతుంది. సగటు చూసి మోసపోకండి, ఫ్రేమ్ టైమ్ గీత చూడండి. అదే సాకెట్‌లో కూర్చునే ఐ7-4770కి ఎనిమిది థ్రెడ్లు ఉండటంతో ఆ ఎక్కిళ్లు తగ్గే మాట నిజమే. కానీ అందరూ దాని కోసమే తిరుగుతుండటంతో వాడిన చిప్‌కు చెప్పే రేటు చూస్తే అసలు కంటే కొసరే ఎక్కువ. తెలిసినవాళ్లు ఊరికే ఇస్తే తీసుకోండి. ర్యామ్ సంగతీ అంతే. 8 జీబీ ఇప్పుడు చాలదు. పాత డీడీఆర్3 స్టిక్ చవగ్గా దొరికితే 16 చేసుకుని రెండు స్టిక్‌లుగా రెండు చానెళ్లలో పెట్టండి, అంతకుమించి దాని మీద ఖర్చు దండగ.

ఆడే గేము ఏదన్నది ఇక్కడ హార్డ్‌వేర్ కంటే ముందు వచ్చే ప్రశ్న. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలవ్వనిచ్చే ఏర్పాటు) కావాలి. నాలుగో తరం పెట్టెలో ఇవన్నీ కుదరవు. షాపువాళ్లు రూఫస్ అనే టూల్‌తో తనిఖీలు దాటించి విండోస్ 11 వేసి ఇస్తారు, బ్రౌజర్, ఎక్సెల్ నడుస్తాయి. వాలరెంట్ గేమ్ మాత్రం విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అడుగుతుంది, లేకపోతే వ్యాన్ 9001 ఎర్రర్ చూపించి బయటికి నెట్టేస్తుంది. విండోస్ 10లో ఆ పట్టింపు లేదు. కానీ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఈఎస్‌యూ అనే పొడిగింపు పథకంలో పేరు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు దాకా వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. బ్యాటిల్‌ఫీల్డ్ 6 అయితే సెక్యూర్ బూట్ లేనిదే మొదలవ్వదు. సైబర్‌పంక్ 2077 కనీస అవసరాలను 2023లో ఐ7-6700, ఎస్ఎస్‌డీకి పెంచారు. డూమ్: ద డార్క్ ఏజెస్‌కు హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ (కాంతి, నీడలను లెక్కగట్టే సదుపాయం) ఉన్న కార్డు తప్పనిసరి, జీటీఎక్స్ అని పేరున్న ఏ కార్డూ పనికిరాదు. పాత జీటీఏ 5, డోటా 2, మైన్‌క్రాఫ్ట్, పాత ఫుట్‌బాల్ గేములతో సరిపెట్టుకునేవాళ్లకు ఈ గొడవేమీ లేదు. వాళ్లకు ఈ పెట్టె ఇంకా ఒకటి రెండేళ్లు లాగుతుంది.

ఇక ఎస్ఎంపీఎస్. ఈ అప్‌గ్రేడ్‌లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే, కౌంటర్‌లో ఎవరూ నోరు విప్పనిదీ దీని గురించే. లోకల్ క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలుంటాయి. ఆ అంకెను వదిలేసి పక్కనున్న పట్టికలో ప్లస్ 12 వోల్ట్ గడి కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. 16 ఆంపియర్లు అని ఉంటే పన్నెండుతో హెచ్చవేయండి, 192 వాట్లు. ప్రాసెసర్, కార్డు రెండూ తాగేది ఆ పన్నెండు వోల్ట్ తీగ నుంచే. ఐ5-4570కి 84 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600 కార్డుకు 132 వాట్లు, కలిపితే 216. ఫ్యాన్లు, డిస్కులు ఇంకా లెక్కలోకే రాలేదు. డెస్క్‌టాప్ మీద అంతా బాగానే ఉంటుంది. గేమ్ లోడయ్యి కార్డు ఒక్కసారి లాగగానే స్క్రీన్ నల్లబడి మెషీన్ రీస్టార్ట్ అవుతుంది. షాపులో డ్రైవర్ వేసి "చూడండి, డిస్‌ప్లే వచ్చింది" అన్నప్పుడు ఇది బయటపడదు.

ఎస్ఎంపీఎస్‌లో కార్డుకు వెళ్లే పీసీఐఈ పవర్ తీగ లేదంటే, పాత డిస్కుల మోలెక్స్ తీగను దానికి మార్చే కన్వర్టర్ ఇస్తామంటారు. ఆ తీగ లేని ఎస్ఎంపీఎస్‌కు కార్డును మోసే శక్తీ ఉండదు గనక కన్వర్టర్ వద్దు. పిండి కొద్దీ రొట్టె. పేరున్న కంపెనీ 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువన్న గుర్తింపు ఉన్న) యూనిట్ కొనండి, కొత్త మెషీన్‌లోకి అదే వెళ్తుంది.

బ్రాండెడ్ పెట్టెల్లో ఇంకో మెలిక ఉంది. ఆప్టిప్లెక్స్ 9020 టవర్‌లో ఉన్నది 290 వాట్ల సరఫరా. బోర్డుకు వెళ్లేది మామూలు 24 పిన్ కాదు, డెల్ సొంత 8 పిన్. బయటి ఎస్ఎంపీఎస్ పెట్టాలంటే 24 నుంచి 8 పిన్‌కు మార్చే తీగ కావాలి. ఇది ఎస్పీ రోడ్డులోనూ అన్ని షాపుల్లో దొరకదు, ఆన్‌లైన్‌లో ముందే తెప్పించుకోండి. ఆ తలనొప్పి అక్కర్లేదనుకుంటే పవర్ తీగే అడగని కార్డుకు వెళ్లాలి. జీటీఎక్స్ 1650లో కొన్ని మోడళ్లు అలాంటివి. ఆర్‌టీఎక్స్ 3050 అయితే 6 జీబీ రకం, 70 వాట్లు. 3050 అన్న పేరుతోనే 8 జీబీ రకం ఉంది, అది 130 వాట్లు, దానికి తీగ కావాలి. పెట్టె మీద జీబీ చూడకుండా బిల్లు వేయించుకోవద్దు. సన్నటి ఎస్ఎఫ్ఎఫ్ పెట్టె అయితే లో ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) కార్డు, చిన్న బ్రాకెట్‌తో సహా అడగాలి. కొన్ని ఎస్ఎఫ్ఎఫ్ మోడళ్లలో స్లాట్ పూర్తి 75 వాట్లు ఇవ్వదు కూడా, మాన్యువల్‌లో చూసుకోండి.

కార్డు బిగించే పీసీఐఈ స్లాట్ గురించి ఒక్క మాట. 9020లో క్యూ87 చిప్‌సెట్, పీసీఐఈ 3.0. 3020లో హెచ్81, కార్డు స్లాట్ 2.0 దగ్గరే ఆగిపోతుంది. ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీలు నాలుగే లేన్ల (డేటా దారుల) మీద నడుస్తాయి. 4.0లో అది చాలు, 2.0లో నాలుగో వంతు దారే మిగులుతుంది. గేమ్ అడిగే మెమరీ 4 జీబీ దాటగానే చతికిలబడతాయి. చవక అని హెచ్81లో వీటిని పెట్టించుకోకండి. 1650కి పదహారు లేన్లు, దానికి ఈ బాధ తక్కువ. ఇంటెల్ ఆర్క్ కార్డులు రీసైజబుల్ బార్ (ప్రాసెసర్‌కు కార్డు మెమరీ అంతా ఒకేసారి అందే సదుపాయం) లేని పాత బోర్డుల్లో బాగా నీరసిస్తాయి కాబట్టి వాటిని ఈ లెక్కలోకే తీసుకోవద్దు. ఎస్ఎస్‌డీ విషయంలో కూడా హార్డ్ డిస్క్ తీగతోనే కలిసే సాటా రకమే తీసుకోండి. హెచ్81, బీ85 బోర్డులు మామూలుగా ఎన్‌వీఎంఈ (పీసీఐఈ మీద నడిచే) ఎస్ఎస్‌డీ నుంచి బూట్ కావు.

వాడిన కార్డు కొంటానంటే ఎస్పీ రోడ్డులో సరుకుకు కొదవ లేదు, చెవిలో పువ్వులకూ కొదవ లేదు. కార్డును వాళ్ల మెషీన్‌లోనే పెట్టించి, కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి నడపండి. పేరు ముందు ఫేక్ అని వస్తే అది పాత జీటీఎక్స్ 550 టీఐ లాంటి దాని బయాస్ (లోపలి సొంత సాఫ్ట్‌వేర్) మార్చి 1050 టీఐ అని పేరు పెట్టింది. పేరు సరిగ్గా ఉన్నా షేడర్ల (బొమ్మ గీసే చిన్న యూనిట్ల) సంఖ్య చూడండి. ఆర్‌ఎక్స్ 580కి 2304 ఉండాలి. 2048 కనిపిస్తే అది దాదాపు 570, రేటు కూడా 570 రేటే ఇవ్వాలి. తర్వాత కార్డును పూర్తి లోడుతో పరీక్షించే ఫర్‌మార్క్ పదిహేను నిమిషాలు నడిపించండి. ఫ్యాన్ గరగర, స్క్రీన్ మీద చుక్కలు, 85 డిగ్రీలు దాటే వేడి, ఏది కనిపించినా అక్కడే పెట్టేసి రండి. జీటీఎక్స్ 10 సిరీస్‌కు కొత్త గేముల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, ఇక భద్రతా అప్‌డేట్లే. 1060 ఎంత చవగ్గా ఇచ్చినా ఆ సంగతి బేరంలో కలుపుకోండి.

అసలు ఎప్పుడు ఈ పెట్టెను వదిలేయాలి? కార్డు, ఎస్ఎంపీఎస్, ఎస్ఎస్‌డీ కాకుండా ఇంకేదైనా కొనాల్సి వచ్చిన రోజే. ఆఫీసు డబ్బాతోనే గేమింగ్ మొదలుపెట్టాలనుకునేవాళ్లు నాలుగో తరాన్ని దాటేసి ఎనిమిదో తరం అడగండి. ఐ5-8500లో ఆరు కోర్లు, డీడీఆర్4 ర్యామ్, విండోస్ 11 నేరుగా ఎక్కుతుంది. కొత్త బోర్డు, ప్రాసెసర్ కొనే స్తోమత ఉంటే ఐ3-12100ఎఫ్ కనీసం, ఐ5-12400ఎఫ్ లేదా రైజెన్ 5 5600 హాయి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండుతున్నాయి కాబట్టి డీడీఆర్4 బోర్డు వైపు మొగ్గడం ఇప్పటికి తెలివైన పని, చేతిలో పాత డీడీఆర్4 స్టిక్‌లుంటే మరీ. రైజెన్ 1600, 2600 ఉన్నవాళ్లు అదృష్టవంతులు. బీ450 బోర్డులో బయాస్ అప్‌డేట్ చేసి 5600 పెడితే చాలు. పాత ప్రాసెసర్ ఊడదీయకముందే అప్‌డేట్ చేయాలి. తర్వాత చేద్దామంటే తెరే వెలగదు. ఆప్టిప్లెక్స్ క్యాబినెట్‌ను కొత్త బోర్డుకు వాడదామనుకోకండి, పవర్ బటన్ తీగల దగ్గరే తేడా కొడుతుంది. పెట్టెతో వచ్చిన విండోస్ లైసెన్సు కూడా ఆ బోర్డుతోనే ఉండిపోతుంది.

షాపుల సంగతికొస్తే, కొత్త సరుకు ధరలో ఎస్పీ రోడ్డు ఆన్‌లైన్ కంటే ప్రతిసారీ చవకేం కాదు. లాభమల్లా చేతిలో పట్టుకుని, నడిపి చూసి కొనగలగడం. వైట్‌ఫీల్డ్ వైపు నుంచి పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ వచ్చి గ్రీన్ లైన్ మారితే తర్వాతి స్టేషనే చిక్‌పేట, అక్కడి నుంచి నడకే. బండి తీసుకెళ్తే పార్కింగ్‌కే పుణ్యకాలం గడిచిపోతుంది. ఆదివారం చాలా షట్టర్లు దించే ఉంటాయి. బేరం కన్నడలోనో హిందీలోనో మొదలుపెట్టినా తెలుగు తెలిసినవాళ్లు తగులుతూనే ఉంటారు. పెట్టె మోసుకెళ్లక్కర్లేదు, ఫోన్‌లో నాలుగు ఫొటోలు చాలు: ఎస్ఎంపీఎస్ లేబుల్, బోర్డు మోడల్, స్లాట్ నుంచి హార్డ్ డిస్క్ గూడు దాకా టేపు పెట్టిన కొలత, మానిటర్ వెనక పోర్టులు. కొత్త కార్డుల్లో వీజీఏ ఉండదు. పాత మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంటే వీజీఏకు మార్చే యాక్టివ్ కన్వర్టర్ కూడా అదే బిల్లులో వేయించుకోండి.

"బిల్లు లేకుండా అయితే 18 శాతం తగ్గిస్తా" అన్న మాటకు పడకండి. జీఎస్టీ బిల్లు మీద కార్డు సీరియల్ నంబరు రాయించుకుని, పెట్టె మీది నంబరు, కార్డు మీది నంబరు, బిల్లులోది మూడూ ఒకటేనని అక్కడే చూసుకోండి. రేపు సర్వీస్ సెంటర్‌లో అడిగేది అదే. వాడిన సరుకుకు ఇచ్చే టెస్టింగ్ వారంటీ ఎన్ని రోజులో కూడా బిల్లు మీదే రాయించాలి, నోటిమాట వారంటీ షట్టర్ దాటితే చెల్లదు.

ఇంటికొచ్చి బిగించాక డిస్‌ప్లే రాకపోతే కార్డును తిట్టే ముందు రెండు పనులు చేయండి. కేబుల్‌ను బోర్డు పోర్టులో కాకుండా కార్డు పోర్టులో పెట్టారా చూడండి. ర్యామ్ తీసి బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ నొక్కి పెట్టండి. ఎప్పటినుంచో ఉన్న దుమ్ము ఊది, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్చడానికీ ఇదే సమయం. టెస్టింగ్ వారంటీ గడువులోపే ఆఖరి పరీక్ష చేసేయండి: గేమ్ నడుస్తుండగా యూపీఎస్ ప్లగ్ లాగేయడం. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే, మానిటర్ కూడా అందులోనే. లోడు సరిపోయినా కొత్త ఎస్ఎంపీఎస్‌లో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉండి, యూపీఎస్ చదరపు తరంగం ఇచ్చే రకమైతే కరెంటు పోయిన క్షణంలో మెషీన్ ఆగిపోవచ్చు. అలా ఆగితే కార్డు, ఎస్ఎంపీఎస్ వెనక్కి ఇవ్వక్కర్లేదు, మార్చాల్సింది యూపీఎస్.