మెరైనర్స్‌ని ఏళ్ల తరబడి ఫాలో అయ్యాక: ఒక అభిమాని సమీక్ష

సియాటిల్ చుట్టుపక్కలకి ఉద్యోగాల కోసం కొత్తగా వచ్చిన మనవాళ్లు తరచూ అడుగుతుంటారు, "ఇక్కడి బేస్‌బాల్ జట్టుని ఫాలో అవ్వొచ్చా? అంత టైమ్ పెట్టడం దండగ కాదా?" అని. ఫెలిక్స్ హెర్నాండెజ్ ఇంకా ఇక్కడ పిచింగ్ (క్రికెట్‌లో బౌలింగ్ లాంటిది) చేస్తున్న రోజుల నుంచి మెరైనర్స్‌ని వదలకుండా చూస్తున్నాను. కాబట్టి ఇది ఒక మ్యాచ్ గురించో ఒక సీజన్ గురించో రాస్తున్న సమీక్ష కాదు. ఈ జట్టుని ఇంట్లో మనిషిలా పెట్టుకుంటే ఏడాది ఎలా గడుస్తుందో చెప్పాలని రాస్తున్నాను.

ముందు చరిత్ర తెలియాలి. 1977లో పుట్టిన జట్టు ఇది. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో 30 జట్లుంటే, ఛాంపియన్‌ని తేల్చే ఆఖరి పోరు వరల్డ్ సిరీస్ ఒక్కసారి కూడా ఆడనిది ఇదొక్కటే. గెలవడం సంగతి తర్వాత, అసలు అందులో అడుగే పెట్టలేదు. 2001లో 162 మ్యాచ్‌ల్లో 116 గెలిచారు, మేజర్ లీగ్‌లోని రెండు సగాల్లో మనదైన అమెరికన్ లీగ్‌లో అంతకు మించి ఇప్పటికీ ఎవరూ గెలవలేదు. ఆ ఏడాదీ వరల్డ్ సిరీస్‌కి చేరలేదు. ఆ తర్వాత 2022 దాకా ప్లేఆఫ్స్ ముఖమే చూడలేదు. ఫెలిక్స్ 2005 నుంచి 2019 దాకా ఇక్కడే ఆడాడు. 2010లో లీగ్‌లో ఉత్తమ పిచర్‌గా సై యంగ్ అవార్డు తెచ్చుకున్నాడు. 2012 ఆగస్టులో పర్ఫెక్ట్ గేమ్ వేశాడు, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌లో, ఇన్నింగ్స్‌కి ముగ్గురు చొప్పున వరసగా 27 మంది బ్యాటర్లని అవుట్ చేశాడు, ఒక్కరినీ బేస్ (పరుగు దారిలో ఆగే మజిలీ) మీదకి రానివ్వలేదు. అలాంటివాడు ప్లేఆఫ్స్‌లో ఒక్క బంతి కూడా వేయకుండానే కెరీర్ ముగించాడు. ఈ జట్టు మీద నాకున్న మొదటి కోపం అదే. ఇప్పటికీ తగ్గలేదు.

ఇక టైమ్ సంగతి. ఐపీఎల్‌లో లీగ్ దశలో ఒక్కో జట్టుకి 14 మ్యాచ్‌లు. ఇక్కడ 162. ఉగాది రోజుల్లో మొదలై దసరా దగ్గర పడేదాకా వారంలో దాదాపు ఆరు రోజులు ఆట ఉంటుంది. కొత్తవాళ్లు దీన్ని చూసే భయపడతారు కానీ, నిజానికి ఇదే ఈ ఆటలో నాకు బాగా నచ్చిన భాగం. ఆఫీసు నుంచి వచ్చి వంట చేసుకుంటూ వినొచ్చు, పిల్లలతో హోమ్‌వర్క్ చేయిస్తూ ఒక కన్ను వేసి ఉంచొచ్చు. ఇండియా వెళ్లినప్పుడు ఇంకా హాయి. సియాటిల్‌లో సాయంత్రం 6:40కి మొదలయ్యే ఆట హైదరాబాద్‌లో మర్నాడు ఉదయం 7:10కి వస్తుంది. కాఫీ తాగుతూ మొదలుపెడితే టిఫిన్ అయ్యేసరికి ఫలితం తేలిపోతుంది. 2023లో పిచ్ క్లాక్ (పిచర్ ఇన్ని సెకన్లలో బంతి వేయాలనే గడియారం) పెట్టాక ఆట నిడివి సగటున 20 నిమిషాలకు పైగా తగ్గింది. పిచర్ బంతి పట్టుకుని ఆలోచిస్తూ నిలబడిపోవడం పోయింది. పాత అభిమానులు కొందరు సణిగారు గానీ, నాకైతే అది ఈ మధ్య కాలంలో బేస్‌బాల్‌కి జరిగిన పెద్ద మేలు.

అసలు బాధ అంతా ఈ 162లోనే దాగి ఉంది. ఏప్రిల్‌లో ఓ మంగళవారం రాత్రి 2-1తో ఓడిపోతే, "పోన్లే, ఇంకా 140 ఉన్నాయి" అంటారు. టీవీ వ్యాఖ్యాతలూ అదే అంటారు, కోచ్‌లూ అదే అంటారు. సెప్టెంబర్ చివర్లో లెక్క చూస్తే ఆ ఒక్క మ్యాచే తక్కువ పడుతుంది. ఇది మాటవరసకి అంటున్నది కాదు. 2023లో మెరైనర్స్ 88 గెలిచారు, ఆఖరి వైల్డ్ కార్డ్ స్థానం (తమ డివిజన్‌లో, అంటే లీగ్‌లోని తమ గుంపులో, మొదట నిలవని జట్లకి దక్కే ప్లేఆఫ్ స్థానం) 89 గెలిచిన టొరాంటోకి వెళ్లింది. 2024లో 85 గెలిచారు, ఆఖరి స్థానాలు 86 గెలిచిన డెట్రాయిట్, కాన్సాస్ సిటీ పట్టుకుపోయాయి. వరసగా రెండేళ్లు ఒక్క గెలుపు తేడాతో బయట నిలబడ్డాం. పూర్తిగా చేతకాని జట్టయితే జూలైలోనే ఆశ వదిలేసుకుని మన పని మనం చూసుకుంటాం. వీళ్లు అలా వదిలేయనివ్వరు, ఆఖరి వారం దాకా పట్టుకునే ఉంచుతారు. ఆ తర్వాత అక్టోబర్ అంతా, ఎప్పుడో మే నెలలో చేజారిన ఓ తొమ్మిదో ఇన్నింగ్స్ గుర్తొచ్చి కడుపు రగులుతూ ఉంటుంది.

2024 ఇంకా ఘోరం. జూన్ 18 నాటికి డివిజన్‌లో రెండో స్థానం కంటే 10 మ్యాచ్‌లు ముందున్నాం. నెల తిరిగేసరికి ఆ ఆధిక్యం మొత్తం హ్యూస్టన్‌కి సమర్పించుకున్నాం. లోగన్ గిల్బర్ట్, జార్జ్ కిర్బీ, బ్రయాన్ వూ లాంటి పిచర్లు వారం వారం ఏడేసి ఇన్నింగ్స్ మోస్తుంటే బ్యాటర్లు రెండు పరుగులు చేయలేక చేతులెత్తేశారు. ఆ ఏడాది లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ సార్లు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లు పడి అవుట్) అయింది మన జట్టే. ఆగస్టులో మేనేజర్ (జట్టుని నడిపే ప్రధాన కోచ్) స్కాట్ సర్వైస్‌ని తీసేసి, తొంభైల్లో ఇక్కడే క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతులు పట్టేవాడిగా) ఆడిన డాన్ విల్సన్‌కి పగ్గాలు ఇచ్చారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

బ్యాటింగ్ గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. మన సొంత గ్రౌండ్ టీ-మొబైల్ పార్క్‌లో కొట్టడం కష్టం. సముద్రం పక్కన చల్లగాలి, ఏప్రిల్ రాత్రుల్లో బంతి ఎగిరినట్టే ఎగిరి గోడకి ముందే దిగిపోతుంది. పేరున్న బ్యాటర్లు ఇక్కడికి రావడానికి వెనకాడటానికి అదో కారణం. కానీ ఆ సంగతి యాజమాన్యానికి నిన్నగాక మొన్న తెలిసింది కాదు కదా! స్టేడియం 1999 నుంచి అక్కడే ఉంది. ఇంత మంచి పిచింగ్ చేతిలో పెట్టుకుని, ప్రతి చలికాలం ఒకరిద్దరు చవక బ్యాటర్లతో సరిపెట్టుకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇక్కడే 54 శాతం గొడవ చెప్పాలి. 2023 సీజన్ అయ్యాక ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే జెర్రీ డిపోటో, పదేళ్ల పాటు 54 శాతం మ్యాచ్‌లు గెలిచే జట్టుని తయారు చేయడమే మంచి దారి అన్నట్టు మాట్లాడాడు. ఊరంతా భగ్గుమంది. తర్వాత క్షమాపణ కూడా చెప్పాడు. కోపాన్ని పక్కన పెట్టి లెక్క చూడండి. 162లో 54 శాతం అంటే 87, 88 గెలుపులు. ఆ ఏడాది 88 గెలిచే కదా ఇంటికొచ్చాం! దీర్ఘకాలం నిలకడగా ఉండాలన్న ఆలోచన తప్పని నేననను. కానీ ఆ అంకె దగ్గర ఆగిపోతే ప్లేఆఫ్స్ గుమ్మం ముందే ఆగిపోతామని అభిమానులకి తెలుసు. దాన్ని లక్ష్యంగా చెబుతుంటే వినడం చాలా కష్టమైంది.

2025 దాకా చూడటానికి కూడా తిప్పలే. ఊళ్లో ఉన్నవాళ్లకి లీగ్ యాప్‌లో ఊరి జట్టు ఆట వచ్చేది కాదు, బ్లాకవుట్ అంటారు. పక్క రాష్ట్రమైన ఒరెగాన్‌కీ అదే నియమం, ఎక్కడో ఉన్న అలాస్కాకీ అదే. స్థానిక చానల్ కోసం మా కేబుల్ వాళ్లు ఖరీదైన ప్లాన్‌లోకి మారమన్నారు. నెలనెలా బిల్లు చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. ఆ చానల్ 2025 సీజన్‌తో మూతపడింది, ఆ తర్వాత ప్రసారం లీగ్ చేతికి వెళ్లింది. ఊళ్లో ఉండి కూడా కేబుల్ లేకుండా చూసే వీలు రావడం నిజంగా ఊరట.

టీవీ లేకపోయినా పర్వాలేదు, రేడియో ఉంది. ఈ జట్టుని ఫాలో అవ్వడంలో అన్నిటికంటే విలువైంది అదే అని నా గట్టి అభిప్రాయం. రిక్ రిజ్ 1983 నుంచి, మధ్యలో మూడు సీజన్లు తప్ప, ఈ జట్టుకి రేడియోలో కామెంటరీ చెబుతున్నాడు. 12-1తో చిత్తుగా ఓడుతున్నప్పుడు కూడా ఆయన గొంతులో ఉత్సాహం తగ్గదు. నాకు ఈ ఆట రూల్స్ వచ్చింది సగం ఆయన మాటలు వినే. చిన్నప్పుడు రేడియోలో క్రికెట్ స్కోరు విన్నవాళ్లకి ఆ సుఖం ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు.

సంతోషాలు లేవని కాదు. ఉన్నవి మాత్రం ప్రాణం పెట్టుకునేంత గొప్పవి. 2022 సెప్టెంబర్ 30న తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, ఇద్దరు అవుటయ్యాక మన క్యాచర్ కాల్ రాలీ కొట్టిన హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటిది) 21 ఏళ్ల నిరీక్షణ ముగిసింది. వారం తిరిగాక టొరాంటోలో 8-1తో వెనకబడి 10-9తో గెలిచారు. ఆ మ్యాచ్ మొత్తం మళ్లీ వేసుకుని చూస్తుంటాను. అయితే ఆ తర్వాత హ్యూస్టన్‌లో ఇంకొక్క అవుట్ తీస్తే గెలిచే మ్యాచ్‌ని యోర్డన్ అల్వరెజ్ హోమ్ రన్‌తో లాక్కుపోయాడు. 21 ఏళ్ల తర్వాత మన ఊళ్లో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్ 18 ఇన్నింగ్స్ నడిచింది. ఆరు గంటలకు పైగా ఆడి 1-0తో ఓడారు. పద్దెనిమిది ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు రాలేదు! ఆ రోజు గ్రౌండ్ నుంచి బయటికొస్తున్న జనంలో ఎవరూ మాట్లాడుకోలేదు.

ఇక 2025. జూలైలో ఎట్టకేలకు యాజమాన్యం మేము అడుగుతున్నదే చేసింది. అరిజోనా నుంచి జాష్ నేలర్‌ని, యుహేనియో సువారెజ్‌ని తెచ్చింది. చూడటానికి పరిగెత్తేవాడిలా కనిపించని నేలర్ ఇక్కడికొచ్చాక 19 బేసులు దొంగిలించాడు (అంటే బంతి కొట్టకుండానే అదను చూసి తర్వాతి బేస్‌కి పరిగెత్తాడు), ఒక్కసారి కూడా దొరకలేదు. రాలీ 60 హోమ్ రన్లు కొట్టాడు. క్యాచర్లలో అంతకు ముందు రికార్డు 48. రెండు చేతుల వాటంతో ఆడే బ్యాటర్లలో మికీ మాంటిల్ 1961లో పెట్టిన 54 రికార్డూ దాటేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్ వంగి కూర్చుని బంతులు పట్టే మనిషి అన్ని కొట్టాడంటే ఆ మోకాళ్లకి దండం పెట్టాలి. 90 గెలిచి, 2001 తర్వాత మొదటిసారి డివిజన్ నెగ్గారు. ప్లేఆఫ్స్‌లో డెట్రాయిట్‌తో సిరీస్‌ని తేల్చే ఐదో మ్యాచ్ 15 ఇన్నింగ్స్ సాగింది, హోర్హే పొలాంకో కొట్టిన సింగిల్‌తో 3-2గా గెలిచారు. మూడేళ్ల కిందటి 18 ఇన్నింగ్స్ గాయానికి ఆ రాత్రి కాస్త మందు పడింది.

తర్వాత టొరాంటోతో అమెరికన్ లీగ్ ఫైనల్. వాళ్ల ఊళ్లో మొదటి రెండూ గెలిచి ఇంటికొచ్చారు. మిగతా ఐదింట్లో రెండు గెలిస్తే వరల్డ్ సిరీస్. ఇక్కడ 13-4, 8-2తో రెండు వరసగా ఓడారు. ఐదో మ్యాచ్‌లో సువారెజ్ గ్రాండ్ స్లామ్ (బేసులన్నీ నిండి ఉండగా నాలుగు పరుగులు తెచ్చే హోమ్ రన్) కొట్టి మళ్లీ ఆశ రేపాడు. ఆరోది పోయింది. ఏడోది అక్టోబర్ 20న, సరిగ్గా దీపావళి రోజు. మాకు సాయంత్రం ఐదింటికి మొదలైంది. గుమ్మంలో దీపాలు పెట్టే వేళకి మన జట్టు 3-1తో ముందుంది. ఏడో ఇన్నింగ్స్‌లో టొరాంటో ఇద్దరు బేసుల మీదకి చేరారు. వూని తీసేసి ఎడ్వర్డ్ బజార్డోని దింపారు. జార్జ్ స్ప్రింగర్ కొట్టిన బంతి ఎడమ వైపు స్టాండ్స్‌లో పడింది, 4-3. వరల్డ్ సిరీస్‌కి ఎనిమిది అవుట్ల దూరంలో సీజన్ ముగిసింది. బయట పిల్లలు కాకరపువ్వొత్తులు కాలుస్తుంటే నేను సోఫాలోంచి లేవలేకపోయాను.

ఆ నిర్ణయం గురించి నా మాట ఒకటే. జట్టులో అందరికంటే మంచి రిలీఫ్ పిచర్ (ఆట మధ్యలో వచ్చి బంతి వేసేవాడు) ఆండ్రెస్ మున్యోజ్. మొత్తం సీజన్ ఒక్క బ్యాటర్ మీద ఆధారపడిన క్షణంలో అతనే బంతి వేయాలి. తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం దాచుకోవడం ఏప్రిల్ మ్యాచ్‌కి సరిపోయే ఆలోచన, ఏడో మ్యాచ్‌కి కాదు. బజార్డోని నిందించను, ఏడాదంతా బాగా వేశాడు. విల్సన్ మంచివాడే, ఆటగాళ్లు ఆయన్ని ప్రేమిస్తారు. అయినా ఆ నిర్ణయం తప్పే.

సీజన్ అయ్యాక నేలర్‌తో ఐదేళ్ల ఒప్పందం చేసుకున్నారు. ఇది మంచి పని. జూలై దాకా ఆగకుండా, చలికాలంలోనే ముందడుగు వేయడం ఈ యాజమాన్యం నుంచి నేను చాలా ఏళ్లుగా కోరుకుంటున్నది.

రేటింగ్ అడిగితే పిచింగ్‌కి, రేడియోకి ఐదుకి ఐదు ఇస్తాను, బ్యాటింగ్‌కి రెండున్నర, 2025 ఒక్క ఏడాదికైతే నాలుగు. మొదలుపెట్టాలనుకునే వాళ్లు ముందు రేడియోలో ఓ నెల వినండి, రూల్స్ వాటంతటవే అర్థమవుతాయి. కుటుంబంతో వెళ్లేవాళ్లు జూన్ దాటాక మధ్యాహ్నం ఆట చూసుకుని టికెట్ తీసుకోండి. ఏప్రిల్‌లో వెళ్తే మాత్రం మందపాటి జాకెట్లు మర్చిపోవద్దు, స్టేడియం పైకప్పు వాన ఆపుతుంది గానీ పక్కలన్నీ తెరిచే ఉంటాయి కాబట్టి చలిని ఆపదు. లైట్ రైల్ దిగితే గ్రౌండ్ నడిచేంత దూరమే, కాబట్టి కారు ఇంట్లో వదిలేయడం మంచిది.