కాంటూర్ సర్వే: గళ్లు కొట్టడం మేలా, వాలు మారిన చోట పాయింట్ తీయడం మేలా?

"పాయింట్లు ఎన్ని మీటర్లకొకటి తీయాలి సార్?" కాంటూర్ పని, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలతో నేల మ్యాపు గీసే పని, మొదలయ్యే రోజు తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. అడిగేది దూరం ఒక్కటే అయితే జవాబు గ్రిడ్డే. నేలని గళ్లుగా కొట్టి, ప్రతి గడి మూలా స్టాఫ్ (ఎత్తు కొలిచే గుర్తుల కర్ర) నిలబెట్టి రీడింగ్ రాసుకుంటూ పోవడమే. కొత్తవాళ్లయినా చేసేస్తారు. మట్టి పని లెక్కలకీ గళ్లే సులువు.

కాకపోతే గడి చిన్నదయ్యేకొద్దీ పని ఎలా పెరుగుతుందో చూడండి. వంద మీటర్ల చదరానికి, అంటే ఒక హెక్టారుకి, 20 మీటర్ల గడితో 36 పాయింట్లు. 10కి 121. 5కి 441.

పోనీ అంత కష్టపడితే నేల దొరుకుతుందా? మీటరు ఎత్తు, అడుగున నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న గట్టు ఒకటి ఉందనుకోండి. 10 మీటర్ల గళ్లలో అది సరిగ్గా రెండు వరసల మధ్య పడితే మ్యాపులో గట్టే ఉండదు. ఏటవాలుగా పోయిందా, ఇంకా తమాషా: కొన్ని పాయింట్లు గట్టు మీద, కొన్ని పక్కన పడి, పొడుగాటి గట్టు కాస్తా దిబ్బల వరస అయిపోతుంది. కాలువైతే గుంటల వరస. ఇందులో కాంటూర్లు గీసే సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు. పక్కపక్క పాయింట్ల మధ్య నేల ఒకే వాలులో ఉందనుకునే అది లెక్క కడుతుంది.

వాలు మారిన చోటల్లా పాయింట్ తీస్తే ఆ లెక్క నిజమవుతుంది. గట్టుకి పైన రెండు అంచులు, కింద రెండు, మొత్తం నాలుగు గీతలు. తిన్నగా పోతే గీత వెంట 20 మీటర్లకొకటి చాలు, మలుపులో దగ్గరదగ్గరగా తీయాలి. ఆ పాయింట్లని సాఫ్ట్‌వేర్‌లో బ్రేక్‌లైన్లుగా, అంటే వాలు మారే గీతలుగా, కలపడం మాత్రం మరవద్దు. లేకపోతే పాయింట్లని కలుపుతూ అది అల్లే త్రిభుజాలు గట్టుని అడ్డంగా కోసేస్తాయి, తీసిందంతా దండగ. చిక్కల్లా ఒకటే: స్టాఫ్ పట్టుకున్న మనిషికి నేల చూడటం రావాలి. పొదలు కమ్మేసిన చోట ఎంతటివాడికీ వాలు మారే చోటు ఆనదు, అక్కడ గ్రిడ్డే నయం.

చదును నేల సంగతి వేరు. నూటికి ఒకటి వాలులో అర మీటరు ఎత్తుకొకటి గీసే కాంటూర్లు 50 మీటర్ల ఎడంగా పడతాయి, గళ్లు పెద్దవైనా ఫరవాలేదు. రీడింగ్ మాత్రం జాగ్రత్త! అక్కడ ఎత్తులో 10 సెంటీమీటర్లు పొరబడితే గీత 10 మీటర్లు పక్కకి జరుగుతుంది.

నేనైతే ముందు బ్రేక్‌లైన్లు తీయించి, మిగిలిన ఖాళీల్లో 20 మీటర్ల గళ్లు వేయిస్తాను. ఆఖర్న గళ్ల నడుమ ఎక్కడెక్కడో ఓ పది పాయింట్లు విడిగా తీసి, మ్యాపు చూపే ఎత్తుతో పోల్చుతాను. తేడా కాంటూర్ అంతరంలో, అంటే పక్కపక్క కాంటూర్ల మధ్య ఎత్తులో, సగం దాటితే ఆ చోటికి స్టాఫ్ మోసుకుని మళ్లీ వెళ్లాల్సిందే.