టేప్ నుంచి డిజిటల్‌కి: డీవీఆర్ మేలా, ఎన్‌వీఆర్ మేలా?

పోయినేడు మా గోడౌన్‌లో కెమెరాల రికార్డింగ్‌ని టేప్ నుంచి డిజిటల్‌కి మార్చాను, అప్పట్నుంచీ తెలిసిన ప్రతివాళ్ళదీ ఇదే ప్రశ్న, మాదీ ఇంకా క్యాసెట్ల మీదే నడుస్తోంది, దేనికి మార్చమంటావు అని. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, అందుకే అంతా ఒక్కచోట రాసేస్తున్నా. డీవీఆర్ అంటే పాత అనలాగ్ కెమెరా బొమ్మని తనే డిజిటల్ చేసి డిస్క్ మీద రాసే పెట్టె, ఎన్‌వీఆర్ అంటే నెట్‌వర్క్ కేబుల్ మీద డిజిటల్‌గానే వచ్చే బొమ్మని రాసుకునే పెట్టె.

మార్చాలా వద్దా అన్న మీమాంస ఇంకా ఉంటే అది వదిలేయండి. చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. టేప్ చదివే హెడ్ అరిగిందంటే ఎవడి అటక మీదో పడున్న పాత మిషన్ వెతుక్కోవాల్సిందే.

అయినా నన్ను మార్పించింది హెడ్ కాదు, ఒక అట్టపెట్టె. వెనక తలుపు దగ్గర పెట్టింది పోయింది. టేప్ వెనక్కి తిప్పి చూస్తే మూడంటే మూడు బొమ్మలు. మొదటిదాంట్లో తలుపు మూసుంది, పెట్టె నేల మీదుంది. రెండోదాంట్లో తలుపు సగం తెరుచుకునుంది, ఫ్రేమ్ అంచున చారల చొక్కా వేసుకున్న భుజం. మూడోదాంట్లో తలుపు మళ్ళీ మూసుంది, పెట్టె లేదు. మొహం లేదు. ఆ చొక్కాని పాజ్‌లో పెట్టి, ఆ వణికే బొమ్మని ఎన్నిసార్లు చూశానో.

ఎందుకలా అంటే టైమ్ ల్యాప్స్ లెక్క అది. మూడు గంటల క్యాసెట్‌ని 72 గంటలు సాగదీస్తే సెకనుకి రెండు బొమ్మలే పడతాయి, వాటిని మల్టీప్లెక్సర్ (కెమెరాల బొమ్మలని వంతులవారీగా ఒకే టేప్ మీదికి పంపే పెట్టె) నాలుగు కెమెరాలకీ పంచుతుంది, అంటే ఒక్కో కెమెరాకి రెండు సెకన్లకో బొమ్మ. పదహారు కెమెరాలున్నాయనుకోండి, ఎనిమిది సెకన్లకొకటి. మనిషి తలుపు తీసి లోపలికొచ్చి చేతికందింది పట్టుకుని పోవడానికి అంత టైం ఎందుకు? కాబట్టి నా దృష్టిలో అసలు లెక్క ఒక్కటే, కావాల్సిన క్షణం రికార్డులో ఉందా లేదా. బొమ్మ ఎంత షార్ప్‌గా ఉంది, ఫోన్‌లో కనపడుతుందా అన్నవి ఆ తర్వాత.

ఇక డీవీఆర్, ఎన్‌వీఆర్. డీవీఆర్‌కి ఉన్న పెద్ద సుఖం మీ గోడల్లో ఇప్పటికే ఉన్న కోయాక్సియల్ కేబులే. పాత కెమెరా బీఎన్‌సీ పిన్ పీకి డీవీఆర్ వెనక గుచ్చితే అయిపోతుంది. పాత అనలాగ్ కెమెరా ఇచ్చేది మామూలుగా 704×576 చుక్కలే, డిజిటల్ చేసినంత మాత్రాన అందులో లేని మొహం పుట్టుకురాదు, కానీ ఆ బొమ్మలే సెకనుకి పదిహేనో ఇరవయ్యయిదో పడతాయి, చారల చొక్కావాడికి అదే చాలు. తర్వాత డబ్బులున్నప్పుడు అదే కేబుల్ మీద ఒక్కో కెమెరా హెచ్‌డీకి మార్చుకోవచ్చు, ఇప్పటి డీవీఆర్‌లు చాలావరకు పాతవీ కొత్తవీ కలిపి తీసుకుంటాయి. కొనేముందు అది మాత్రం అడగండి.

ఎన్‌వీఆర్‌లో బొమ్మ బాగుంటుంది, కాదనను. పీఓఈ అయితే కరెంటూ వీడియో ఒకే వైర్లో పోతాయి, అడాప్టర్ల గోల ఉండదు. కొత్త బిల్డింగ్ అయితే కళ్ళు మూసుకుని అదే వేయిస్తా. టేప్ నుంచి వచ్చేవాళ్ళకి మాత్రం వైర్లన్నీ కొత్తగా లాగాలి, కెమెరాలన్నీ మార్చాలి, పైగా నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్లు దాటితే మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ (సిగ్నల్‌ని ముందుకి పంపే పెట్టె) పెట్టాలి. మా గేటు కెమెరా అంతకన్నా దూరం. నేను డీవీఆర్‌కే పోయాను.

డిస్క్ ఎంత ఉండాలన్నది లెక్కేసుకోండి. కెమెరాకి 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) పెడితే రోజుకి 21.6 జీబీ, నాలుగు కెమెరాలకి 86 పైచిలుకు, అంటే 1 టీబీ పదకొండు రోజులకి నిండిపోయి పాతది చెరుపుకుంటూ పోతుంది. టేపుల రోజుల్లో నెలకి సరిపడా వరసగా పెట్టుకున్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు, పోయిన నెలది కావాలంటే ఉండదు. మోషన్ ఉన్నప్పుడే రికార్డ్ అయ్యేలా పెడితే రోజులు పెరుగుతాయి, కానీ తలుపుల దగ్గర నేనైతే పెట్టను.

ఇప్పుడు నా పరువు పోయిన సంగతి. మార్చిన నాలుగు నెలలకి ఒక లారీ ఎప్పుడొచ్చిందో చూద్దామని వెనక్కి వెళ్తే మూడు వారాలుగా ఏమీ లేదు, మొత్తం ఖాళీ. మానిటర్ మీద నాలుగు కెమెరాలూ శుభ్రంగా కనపడుతూనే ఉన్నాయి మరి! లోపల డిస్క్ చచ్చిపోయింది, లైవ్ చూపించడానికి డిస్క్‌తో పనిలేదు కదా. టేప్ ఉన్నన్నాళ్ళూ మూడ్రోజులకోసారైనా ఎవరో ఒకరు క్యాసెట్ మార్చడానికి ఆ మిషన్ ముందు నిలబడేవాళ్ళు, తేడా ఉంటే కనపడేది. డిజిటల్ వచ్చాక దాని మొహం చూసినవాడు లేడు. మెనూలో డిస్క్ ఎర్రర్ వస్తే కూతపెట్టే ఆప్షన్ ఉంది, ఆఫ్‌లో ఉంది! పెట్టినతను మామూలు కంప్యూటర్ డిస్క్ బిగించి పోయాడు, రోజంతా రాసే పనికి సర్వైలెన్స్ డిస్కులని వేరే ఉంటాయి, అవే అడగండి. ఇప్పుడు ప్రతి సోమవారం ఒక్కో కెమెరాది శుక్రవారం రికార్డింగ్ రెండు నిమిషాలు ప్లే చేసి చూస్తున్నా. టైమ్ కూడా అప్పుడే సరిచూస్తా.

ఎస్‌డీ కార్డ్ కెమెరాలు ఒకటీ అరా అయితే సరే, కానీ దొంగ వస్తే కెమెరాతో పాటే రికార్డునీ పట్టుకుపోతాడు. క్లౌడ్ అయితే నెట్ ఆగితే అదీ ఆగుతుంది. ఇంతకుమించి వాటి గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు.

ఏది పెట్టినా పాస్‌వర్డ్ మాత్రం మార్చండి, 2016లో మిరాయ్ అనే వైరస్ కంపెనీ పాస్‌వర్డ్‌తోనే వదిలేసిన డీవీఆర్‌ల్లోకీ కెమెరాల్లోకీ దూరింది.

పాత టేపుల్లో కేసులకి సంబంధించినవేమైనా ఉంటే వీసీఆర్ ఒక్కటే దాచుకుంటే చాలదు, మల్టీప్లెక్సర్ కూడా ఉంచుకోండి. నాలుగు కెమెరాల బొమ్మలూ ఒకే టేపు మీద కలిసిపోయి ఉంటాయి, వాటిని విడదీసేది అదే, వేరే కంపెనీది పెడితే చాలాసార్లు పనిచేయదు. నేను మాది పాతసామాన్లవాడికి ఇచ్చేసిన రెండు రోజులకి ఈ సంగతి తెలిసింది, వెతుక్కుంటూ పోతే ఇంకా విప్పలేదు, అదృష్టం.